మస్తాన్ డ్రైవర్ తీసేసిన వీరుణ్ణి

గార్లదిన్నె దగ్గర ఒక చీనీతోటలో, అంటే బత్తాయితోటలో, నలుగురి ముందు, ఒకే ఒక్క కమాండుతో నా పరువు నేనే తీసుకున్న ముచ్చట చెబుతాను. మీరు నవ్వండి, ఏమీ అనుకోను. మా ఆఫీసు మస్తాన్ నవ్వితేనే నాకు మండుతుంది.

అనంతపురంలో మా చిన్న ఆఫీసు. పొలం మోటార్లను ఫోన్‌తో ఆన్ చేసే పెట్టెలు చేసేవాళ్లం. లోపల పెట్టెను నడిపే మూల ప్రోగ్రాం మేము మార్చుకున్న లినక్స్ కెర్నల్. బయట కొన్న సిమ్ మోడెమ్ అందులో పలకాలంటే డ్రైవర్ అనే చిన్న ప్రోగ్రాం కావాలి. దాన్ని పెట్టెలోకి ఎక్కించే ప్యాకేజీగా కట్టేది మస్తాన్. వాడు ఏది కట్టినా పనిచేసేది, అదే నా బాధ! "మస్తాన్‌ను చూసి నేర్చుకోప్పా" అని మా సారు రోజుకు రెండుసార్లు అనేవారు. అప్పుడు నా కడుపులో మంట మీద ఆఫీసందరికీ టిఫినుకు ఉగ్గాని చేయొచ్చు.

చీనీతోటలో మా పెట్టె పనితనం చూపించే డెమోనాడే మస్తాన్ యాడికి అనే ఊళ్లో పెళ్లికి పోయాడు. సారు నోట ఒక్కసారైనా నా పేరు రావాలి! అదే డ్రైవర్ కొత్త వెర్షన్ తెచ్చి, నా పేరుతో ప్యాకేజీ కట్టాను. మొదటి లైనులోనే మస్తాన్ డ్రైవర్‌ను తీసేయమని రాశాను. నా ల్యాప్‌టాప్‌లో చూస్తే బ్రహ్మాండంగా పలికింది. పెట్టెలోకి మాత్రం అందరూ చూస్తుండగా ఎక్కించాలని ఆగాను.

ఎక్కించాను. తోట యజమాని నారాయణప్ప ఫోన్ నొక్కాడు. మోటారు ఉలకలేదు.

"ఏమప్పా, నీళ్లు యాడ?"

"ఒక్క నిమిషం అన్నా, లోడైతాండాది."

"కరెంటు పోయేదానికి ఇంగ గంటే ఉండాది!"

సారు నా పక్కకు వచ్చారు. "ఏ కెర్నల్‌కు కట్టినావు?"

"నా ల్యాప్‌టాప్‌లో ఉండేదానికి సార్."

"ఈడ ఉండేది నీ ల్యాప్‌టాపా?"

డ్రైవర్ అనేది కొలతలు తీసి కుట్టిన చొక్కా లాంటిది. ఏ కెర్నల్‌కు కడితే దానికే పడుతుంది. పాతది నా దగ్గర లేదు. సిగ్గు చంపుకుని మస్తాన్‌కు ఫోన్ చేశాను.

"అన్నా, తొందరగా చెప్పు, బిర్యానీ చల్లారుతాండాది."

"నీ డ్రైవర్ ప్యాకేజీ పంపు."

"అది పెట్టెలోనే ఉండాది కదన్నా?"

"నేను తీసేసినా."

వెనక మోగే పెళ్లి మేళాన్ని మించి వాడు పగలబడి నవ్వాడు. "పోనీలేన్నా, నీ ప్యాకేజీలో ఆ ఒక్క లైనైనా బాగా పనిచేసినాది!"

బిర్యానీ వదిలి ఫైలు పంపాడు. మోటారు తిరిగింది, నీళ్లు దూకాయి. సారు నోట నా పేరు కూడా వచ్చింది, తోటంతా వినబడేలా.

ఆ చీనీచెట్ల సాక్షిగా ఒట్టు పెట్టుకున్నాను: ఈ జన్మలో ఇక ఎవరిని చూసి ఏడ్చినా, ముందు వాళ్ల ప్యాకేజీ ఒక కాపీ దాచుకునే ఏడుస్తాను.