ఒక్కపొద్దు మొక్కు

మట్టెవాడలో మరమగ్గాల చప్పుడు మధ్యాహ్నం కాసేపు ఆగగానే అనసూర్య కంచం ముందు కూర్చుంటుంది. గుప్పెడన్నం మెత్తగా పిసికి చారు పోసుకుంటుంది. నాలుగు ముద్దలకే ఎడమచెయ్యి రొమ్ము కిందికి పోతుంది. కడుపు ఇక చాలనేది అక్కడే. ఒకప్పుడు గుమ్మంలో పక్కకు తిరిగి నడిచిన మనిషి. ఊపిరాడక, పోయినేడు బొంబాయిలో ఆపరేషన్ చేయించి కడుపు చిన్నది చేయించుకుంది. అప్పటి నుంచి వదులైన రైకలకు కుట్లు బిగించుకోవడమే పని. తిండి తగ్గించుకోలేక కడుపు కోయించుకుందని వాడంతా నవ్వుతుందన్న భయంతో, కడుపులో గడ్డ తీశారని చెప్పింది. అత్త ఓదెమ్మకూ అదే చెప్పింది.

ఓదెమ్మ నమ్మింది. కోడలు మునుపటిలా కంచం నిండా తినేదాకా ఒక్కపొద్దుంటానని మల్లన్నకు మొక్కుకుంది. ఆనాటి నుంచి రాత్రిపూట మంచినీళ్లు తాగి పడుకుంటోంది. నిన్న అనసూర్య ఆమె ఎదుటే కంచం నిండా వడ్డించుకుంది. సగం తినకముందే పెరట్లోకి పరుగెత్తి కక్కుకుంది. ఓదెమ్మ వెనకే వచ్చి వీపు నిమిరింది.

"అత్తమ్మా, నేనిగ గింతే తింట. నువ్వు రాత్రి జర తిను."

"గట్లనకు బిడ్డా. నేను మొక్కు తప్పితే గడ్డ మళ్ల లేస్తది."

అసలు గడ్డే లేదన్న మాట అనసూర్య గొంతు దాకా వచ్చింది. నోరు పుక్కిలించి, నీళ్లతోపాటు దాన్నీ ఉమ్మేసింది.

ఆ సాయంత్రం సూదీ దారం తీసి, వదులైన రైకకు కుట్టు బిగించింది. ఈసారి ఆ రైక అత్తది.