పెదనాయన రొయ్యలు, అవ్వ బావి

మా పెదనాయన రొయ్యల గుంటల కట్ట తెగిన రోజు నాకు కలిగినంత సంతోషం ఇంకెప్పుడూ కలగలేదు. ఈ మాట ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. ఏం తిన్నానో, ఏం చదివానో కూడా వదలకుండా రాసుకునే దాన్ని, ఆ రోజు డైరీలో మాత్రం "వాన తగ్గింది" అని ఒక ముక్క రాసి మూసేశాను. ఎందుకంటే అప్పుడు నా పక్కనే, తడిసిన మంచం మీద కూర్చుని, మా అవ్వ తన పెద్దకొడుకు కోసం ఏడుస్తూ ఉంది. ఆ పెద్దకొడుకే మా పెదనాయన.

మాది విడవలూరు వైపు, సముద్రానికి దగ్గరి ఊరు. ఒక పక్క ఇసుక దిబ్బలు, ఇంకో పక్క వరి మళ్ళు, మధ్యన పల్లంలో మా వీధి. మళ్ళలో నీళ్ళు సముద్రంలోకి పోవడానికి వీధి చివర ఒక మురుగుకాలువ ఉంది. మా పెరట్లో, దిబ్బ మొదట్లో, సిమెంటు వరలు దించిన చిన్న బావి. సముద్రం హోరు వినబడేంత దగ్గర్లో ఆ నీళ్ళు తియ్యగా ఉండటం చూసి కొత్తవాళ్ళు ఆశ్చర్యపోయేవాళ్ళు. ఇందులో మహిమేమీ లేదు. ఇసుకలో ఇంకిన వాన నీళ్ళు, అడుగున ఉన్న ఉప్పునీళ్ళ మీద మీగడ కట్టినట్టు నిలబడతాయి. ఆ మీగడ వరకే తోడుకోవాలి. ఆశపడి లోతుకు పోతే ఉప్పు పైకి వస్తుంది. అందుకే అవ్వ ఆ బావికి మోటారు పెట్టనివ్వలేదు. వీధిలో ఆడవాళ్ళందరూ తాగడానికి ఆ నీళ్ళే తీసుకుపోయేవాళ్ళు. అవ్వ అయితే ఎక్కడికి పోయినా సీసాలో ఆ నీళ్ళే పట్టుకుపోయేది. పెళ్ళిళ్ళలో ఇచ్చే నీళ్ళను పక్కకు నెట్టేది.

పెదనాయన తన భాగానికి వచ్చిన మళ్ళను రొయ్యల గుంటలు చేశాడు. చేసినవాడు ఊరుకోకుండా కట్టను కాలువలోకి జరిపాడు. కాలువ సగమైపోయింది. అప్పటి నుంచి పెద్ద వాన పడితే పోయే దారి లేక నీళ్ళు మా వీధిలోకి వెనక్కి తంతాయి. ఈ సంగతి ఊళ్ళో తెలియని వాళ్ళు లేరు. కానీ నీళ్ళు నిలబడిన మర్నాడే పెదనాయన ట్రాక్టరు మీద పులిహోర పొట్లాలు వస్తాయి. ముందువైపు ఆయన ఫోటోతో ఫ్లెక్సీ. జనం మోకాటి లోతు నీళ్ళలో నిలబడి, ఆ నీళ్ళను వీధిలోకి తెచ్చిన మనిషి చేతి మీదుగానే పొట్లం అందుకుని దండం పెడతారు. "దేవుడు మాదిరి వచ్చినావన్నా" అంటారు. నేనూ తిన్నాను. పోపు మాడింది.

నేను చదివిన పుస్తకాల్లో వాన పడితే మట్టి వాసన వస్తుంది. హీరోయిన్ కిటికీ దగ్గర నిలబడి చెయ్యి బయటకు చాస్తుంది. మా వీధిలో వాన పడితే మరుగుదొడ్డి గుంతల వాసన వస్తుంది. ఆ రచయితల ఇంటి గోడ ఒక్కసారైనా నడుముదాకా నాని ఉంటే అలాంటి వాక్యం రాసేవాళ్ళు కాదు. టీవీ వాళ్ళయితే ఇంకా నయం. తుఫాను తీరం దాటేదాకా గొంతు చించుకుని, దాటగానే వెళ్ళిపోతారు. నిలిచిన నీళ్ళతో వాళ్ళకు పని లేదు.

తర్వాత వానలు మొహం చాటేసిన కాలం వచ్చింది. కార్తీకం పొడిగా వెళ్ళిపోయింది, మరుసటి ఏడూ అంతే. ఎండాకాలం పడమటి గాలి కొడితే ఇంట్లో గిన్నెలు కూడా ముట్టుకోలేని వేడి. గుంటల్లో నీళ్ళు ఆవిరై ఉప్పు చిక్కబడింది. ఉప్పు ఎక్కువైతే రొయ్య ఎదగదట, మంచినీళ్ళు కలపాలట. పెదనాయన మా పెరటి గోడకు అవతల, దిబ్బ అంచున బోరు వేయించాడు. ఆ మీగడంతా లాగేస్తూ మోటారు ఆగకుండా తిరిగేది. మనుషులు బిందెలు పట్టుకుని తిరుగుతుంటే రొయ్యలు మంచినీళ్ళలో ఈదుతూ ఉండేవి.

మొదట కాఫీ రుచి మారింది. తర్వాత కందిపప్పు ఎంతసేపు పెట్టినా ఉడకలేదు. ఒకరోజు అవ్వ చెంబెత్తి ఒక గుక్క తాగి ఆగిపోయింది.

"ఉప్పగా ఉన్నాయి కదవ్వా" అన్నాను.

"ఎండలు గదా మే. ఒక్క వాన పడితే బాగైపోతాయి."

"ఎండలు కాదు. ఆ బోరు."

"గమ్మునుండు. నలుగురికీ పెట్టే చెయ్యి వాడిది. వాడినంటే కళ్ళు పోతాయి."

అవ్వ మొండిగా ఆ ఉప్పునీళ్ళే తాగింది. కాళ్ళు వాచాయి. డాక్టరు గట్టిగా తిట్టిన తర్వాత మానేసింది. కానీ రోజూ పొద్దున్నే నాతో ఒక చెంబు తోడించుకుని, ఒక గుక్క నోట్లో పోసుకుని, కాసేపు ఉంచుకుని ఊసేసేది. ఆమెకు ఇంక వేరే కోరిక లేదు. తను పోయేలోపు బావి నీళ్ళు మళ్ళీ తియ్యగా మారాలి, అంతే. ఆమె మొహంలోకి చూస్తూ నిలబడటం నా ఉద్యోగమైంది.

ఈలోగా పెదనాయన వీధికి ట్యాంకరు తోలించడం మొదలుపెట్టాడు. పాత ఫ్లెక్సీనే కడిగి దానికి కట్టారు. ఒకరోజు ఆయన ఎవరో ఇద్దరు పెద్దమనుషులను వెంటబెట్టుకుని మా వసారాలో కూర్చున్నాడు, వాళ్ళకు తన ధర్మకార్యం చూపించడానికి. పక్కింటి అక్క బిందె నడుముకెత్తుకుని పోతూ ఆగింది.

"ఏంది మే, నీళ్ళు బాగుండాయా?" అన్నాడు పెదనాయన.

"బాగుండాయి గానీ అన్నా, వచ్చే జన్మకు నీ గుంటలో రొయ్యగా పుట్టాలనుండాది. బిందె మోసే పన్లేదు."

"నువ్వు పుడితే మిగతా రొయ్యలకు మేత మిగలదు పో!"

అందరికంటే గట్టిగా ఆయనే నవ్వాడు. మా నాయన కూడా నవ్వాడు. అన్న నవ్వితే నవ్వడం, అన్న లేస్తే లేవడం తప్ప మా నాయనకు వేరే అభిప్రాయాలు లేవు.

నవ్వి నవ్వి దాహం వేసి పెదనాయన నా వైపు చూశాడు. "మంచినీళ్ళు తీసుకురా మే."

వంటింట్లో ట్యాంకరు నీళ్ళు ఉన్నాయి. నేను పెరట్లోకి పోయి బావిలో తోడుకొచ్చాను. ఆయన గటగటా రెండు గుక్కలు మింగి, మూడోది క్రోటన్ కుండీలోకి ఊశాడు.

"ఏందివి?"

"బావి నీళ్ళు, పెదనాయనా."

కొత్తవాళ్ళ ముందు నోరు విప్పడమే నాకు గండం. ఆయన సిగ్గుపడతాడని ఎందుకు అనుకున్నానో తెలియదు. గ్లాసు కింద పెట్టి, పెద్దమనుషుల వైపు తిరిగి, "చూసినారా, కరువు ఎట్టుండాదో! మా అమ్మ బావి కూడా చెడిపోయింది" అన్నాడు. వాళ్ళు అయ్యో అన్నారు. మర్నాటి నుంచి మా ఇంటికి నీళ్ళ క్యాను కూడా వచ్చింది.

ఆ ఏడు కార్తీకంలో వాయుగుండం పట్టింది. అడిగినన్నాళ్ళు రాని వాన అడగని రోజుల్లోది కూడా కలుపుకుని కురిసింది. కాలువ వీధిలోకి, వీధి ఇళ్ళలోకి వచ్చింది. అవ్వ మంచం కాళ్ళ కింద ఇటుకలు పెట్టాం. వీధిలో మగవాళ్ళు మా నాయనను ముందుపెట్టుకుని, కట్టకు గండి కొట్టమని అడగడానికి పోయారు. పెదనాయన తన మేడ మీద పడుకోబెడతానని అవ్వను తెమ్మన్నాడంటూ తిరిగొచ్చారు.

"గండి సంగతి?" అంది మా అమ్మ.

"పట్టుబడికి వచ్చిన రొయ్యంట, గండి కొడితే కాలువలో పోతుందంట. కొంచెం ఓర్చుకోమన్నాడు" అన్నాడు నాయన, గోడకేసి చూస్తూ. అవ్వ ఇల్లు కదలనంది.

గండి ఎవరూ కొట్టలేదు. తెల్లారేసరికి కాలువే కట్టను తోసుకుని తన పాత దారిన పోయింది. నేను మా ఇంటి మిద్దె ఎక్కి చూశాను. మా వీధిలో నీళ్ళు కదులుతున్నాయి, దిగుతున్నాయి, వాటిలో గుంటల్లోంచి బయటపడి ఎదురీదుకొచ్చిన రొయ్యలు. జనం దోమతెరలతో, చీరలతో, చివరకు ఆ ఫ్లెక్సీ విప్పి దానితో కూడా పట్టారు. ఫ్లెక్సీలో పెదనాయన మొహం నిండా రొయ్యలు. పక్కింటి అక్క బకెట్ ఎత్తి చూపిస్తూ కింద నుంచి అరిచింది: "అన్న ఇన్నాళ్ళకు నిజంగా పెట్టినాడు మే!" మధ్యాహ్నానికి వీధి వీధంతా రొయ్యల వేపుడు వాసన. నేను ఎన్నాళ్ళకో కడుపునిండా తిన్నాను. అవ్వ ముట్టలేదు. "నా బిడ్డ కష్టం నీళ్ళపాలైందే" అని ఏడ్చింది. తను పడుకున్న మంచం పట్టె వరకు నీళ్ళెందుకొచ్చాయో అడగలేదు.

పెదనాయన తెగిన కట్ట మీద తల పట్టుకుని కూర్చుని ఫోటో దిగాడు. పులిహోర తిన్నవాళ్ళే పోయి ఓదార్చారు. ఎండకు దాత, వానకు బాధితుడు. ఆయనకు నష్టం కలిగించే కాలం ఇంతవరకు పుట్టలేదు. కట్టను ఈసారి రాళ్ళు పేర్చి ఇంకా ఎత్తుగా కట్టాడు.

బావిలో బురద తోడించి, బ్లీచింగు వేసి, మళ్ళీ పొద్దున్నే చెంబు పట్టుకుని నిలబడ్డాను. అవ్వ పుక్కిలించి ఊసేది. అప్పటికి ఆమె లేవలేకుండా ఉంది, నేనే తల ఎత్తి పట్టుకునేదాన్ని. చలి తగ్గుముఖం పట్టిన ఒక పొద్దున ఊయలేదు. మింగింది. కళ్ళు మూసుకుని ఇంకో గుక్క అడిగింది, ఇంకోటి. నేను మిగిలింది నోట్లో పోసుకున్నాను. తియ్యగా ఉన్నాయి, చిన్నప్పటిలాగే. గోడ అవతల బోరు మోటారు మళ్ళీ మొదలైన చప్పుడు వినిపిస్తూనే ఉంది. ఈ తీపి ఎండలదాకా నిలవదని నాకు తెలుసు. అవ్వకూ తెలిసే ఉంటుంది.

ఆ సాయంత్రానికే ఆమెకు మాట పడిపోయింది, మళ్ళీ రాలేదు. నాయన కోసమో, నా కోసమో, ఆ బావి కోసమో ఒక ముక్క చెప్పి ఉండవచ్చు. బోరు ఆపమని కొడుక్కి కబురు పెట్టి ఉండవచ్చు, ఆమె మాటైతే వినేవాడేమో. అవేవీ కాకుండా, ఆ పొద్దున తడి మూతి తుడుచుకుని నాతో అన్న మాట తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది.

"ఇంకో చెంబు తోడి మీ పెదనాయనకు ఇచ్చిరా మే. చిన్నప్పుడు ఈ నీళ్ళు తప్ప తాగేవాడు కాదు, నా బిడ్డ."