నాలుగో నీళ్లు

కిలిమంజారో వాలు మీద కివెలు వారి కాఫీ అంటే అచ్చంగా ఒక్క తోట కాఫీ. పొరుగువాళ్ల గింజ ఒక్కటి కలవదు. ఆ ఇంటికి పెద్ద అనాయేలి. గింజలు ఆరబెట్టడం ఆయన వంతు. పండు తొక్క తీసి, పులియబెట్టి, కాలవ నీళ్లతో మూడుసార్లు కడగడం ఆయన తమ్ముడి భార్య ఐకాండే వంతు. తమ్ముడు పోయి ఆరేళ్లయింది. ఆ పని వంక లేకుండా చేస్తుంది కాబట్టే ఆ ఇంట్లో ఆవిడ తలెత్తుకు తిరుగుతోంది.

ఒక ఏడు ఓ మధ్యాహ్నం అనాయేలి గింజలు కప్పకుండా బాప్తిస్మం విందుకు వెళ్లాడు. అరటి కల్లు, పాత స్నేహితులు.

"వానెక్కడిదయ్యా, కూర్చో!" అన్నారు. కూర్చున్నాడు. కల్లు బుర్ర చేతిలో ఉంటే మబ్బు ఎవడికి కనపడుతుంది! పరుగున వచ్చేసరికి వాన కురిసి వెలిసింది, బల్లల మీద ఆరబోసిన గింజలు తడిసి ముద్దయ్యాయి. ఇంట్లో ఎవరూ లేరు. మళ్లీ ఎండబెట్టి నోరు మూసుకున్నాడు. అరవై రెండేళ్ల మనిషి!

నెల తర్వాత మోషీ పట్నం నుంచి కొనేవాళ్ల మనిషి వచ్చి వాకిట్లోనే చెప్పాడు.

"పెద్దాయనా, మీ సరుకు వద్దన్నారు. తాగితే బూజు వాసనట. ఏమైంది?"

ఇంటిల్లిపాదీ అనాయేలి వైపే చూస్తున్నారు.

"కడగడంలో తేడా వచ్చుంటుంది," అన్నాడు.

ఐకాండే తన చేతులకేసి చూసుకుంది.

మర్నాడు పొద్దున్నే ఆవిడ ముడివేసిన ఇసాలే ఆకు పట్టుకుని వచ్చింది. ఆ ఆకు తెచ్చి తప్పు ఒప్పుకుంటే ఎంత పగవాడైనా మన్నించి తీరాలి, మా కొండ మీద అంతే. మోకాళ్ల మీద కూర్చుని ఆకు చాచింది.

"బావగారూ, ఇంటి పేరు పాడుచేశాను. మన్నించండి."

నిజం అనాయేలి గొంతు దాకా వచ్చింది. గుమ్మంలో కోడళ్లు, మనవలు నిలబడి ఉన్నారు. సిగ్గుతో ఆయన ప్రాణం చచ్చిపోయింది. అయినా ఆకు పుచ్చుకున్నాడు.

"మన్నించాను. లే తల్లీ."

ఆవిడ లేవలేదు. "ఎక్కడ తప్పానో చెప్పండి. మళ్లీ చెయ్యను."

"నీళ్లు చాల్లేదు," అన్నాడు నేల చూపులు చూస్తూ. "నాలుగో నీళ్లు పొయ్యాల్సింది."

అప్పట్నుంచీ ఐకాండే నాలుగు నీళ్లు పోసి కడుగుతోంది. అదంతా దండగ చాకిరీ అని తెలిసినవాడు ఆయనొక్కడే. చన్నీళ్లకు ఆవిడ వేళ్లు పగులుతుంటే చూడలేక, ఆడవాళ్ల పనైనా సరే, కాలవ నుంచి బకెట్లు తనే మోస్తున్నాడు. చెప్పెయ్యడం మాత్రం ఇప్పటికీ చేతకాలేదు.

దారిన పోయే ఆడవాళ్లు ఆగి మరీ మెచ్చుకుంటారు.

"మరదలికి నీళ్లు మోసే బావని ఎక్కడైనా చూశామా! అదృష్టవంతురాలివే ఐకాండే!"

"మరేమనుకున్నారు!" అంటుంది ఐకాండే నవ్వుతూ. "అంత నష్టం చేస్తే కూడా నన్నొక్క మాట అనలేదు మా బావగారు."

అనాయేలి ఖాళీ బకెట్లు తీసుకుని, తల ఎత్తకుండా మళ్లీ కాలవకు వెళ్తాడు.