ఏ కాకీ ముట్టని పిల్ల

ఈ రోజు ఆత్మకూరు బోర్డు బడిలో ఇంటి గంట కొట్టినా మా క్లాసు సుగుణ బెంచీ మీంచి లేవలేదు. పదమూడేళ్ల పిల్ల. దగ్గరికెళితే పరికిణీకి రక్తం కనిపించింది.

"కాకి ముట్టిందా?" అని మెల్లగా అడిగాను. నెలసరి వచ్చి బయటున్నప్పుడు ఆడవాళ్లం అనుకునే మాటే కదా!

"లేదు టీచరమ్మా, నన్ను ఏ కాకీ ముట్టలా. మూడు దినాలుగా ఊరికే రక్తం పోతా ఉండాది. నేను చచ్చిపోతా. మా అమ్మకు చెప్పబాకండి, ఏడస్తాది."

మూడు రోజులుగా ఒంటరిగా చావుకోసం ఎదురుచూసిందా పసిది! ఒళ్లోకి తీసుకుని, ఇది జబ్బు కాదనీ, ఆడపిల్లలందరికీ నెలనెలా వచ్చేదేననీ విప్పి చెప్పాను.

ఇంటికొస్తే మా ఎనిమిదేళ్ల పాప, "మా అమ్మను ముట్టబాక!" అంటూ కాకుల మీదికి రాళ్లు విసురుతోంది. నెలనెలా దూరంగా కూర్చున్నప్పుడు, నన్ను కాకి ముట్టిందని దానికి చెప్పింది నేనే.

మీరు మీ పిల్లలకు ఏ పిట్టకథ చెప్పారు?