వానను తిట్టకూడని ఇంటికి లారీ వచ్చింది

మా చిన్నప్పుడు... మా ఇంట్లో వానను ఎవరూ తిట్టకూడదు. ఆరబోసిన మిరపకాయలు తడిసి ముద్దయినా, బడికి వేసుకెళ్ళిన గౌను ఒంటికి అతుక్కున్నా సరే, "మంచి వాన" అనే అనాలి. అది మా అవ్వ పెట్టిన చట్టం. రాజపాళయం పక్కన సత్రపట్టి దగ్గరున్న మా నల్లరేగడి చేను వాననే నమ్ముకుని బతికేది మరి. విత్తనం వేశాక తొలి వాన పడిందంటే చాలు, అవ్వ పొయ్యి వెలిగించి గుంతల పెనంలో బెల్లం పణియారాలు పోసేది...

అలాంటి ఇంటి ముందుకు ఒకరోజు లారీ వచ్చి నిలబడింది.

నాయన అప్పటిదాకా రాజపాళయంలోనే ఒక ట్రాన్స్‌పోర్టు కంపెనీలో డ్రైవరు. ఎవరివో బండ్లు తోలి తోలి విసుగొచ్చి, చేనులో సగం అమ్మేసి పాత లారీ కొన్నాడు. అవ్వ కొన్నాళ్ళు మాటలు మానేసింది. బండి వచ్చిన రోజు మాత్రం ఆవిడే గుమ్మడికాయ దిష్టి తీసి కొట్టించి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టింది. కోపం కొడుకు మీదే గానీ బండి మీద కాదట...

నాకు లారీ నిండా ప్రశ్నలే. సీటు వెనక బల్ల మీద నాయన పడుకుంటే కాళ్ళు ఎక్కడ పెట్టుకుంటాడు? అంత పెద్ద బండికి అద్దం తుడిచే పుల్ల అంత చిన్నదేమిటి? అన్నిటికన్నా పెద్ద ప్రశ్న పెయింటరు వచ్చాక పుట్టింది. లారీ నుదుటి మీద పాత ఓనరు పేరు చెరిపేసి, నాయన పేరు రాయకుండా, నాయన పనిచేసిన ఆ కంపెనీ పేరే రాసి పోయాడు.

"బండి మనది గదా నాయనా, వాళ్ళ పేరు ఏంటికి రాసినారు?"

"బండి మనది, లోడు వాళ్ళది పాపా. అటాచ్ అంటే అదే. మిల్లుల్లో లోడు వాళ్ళు పట్టిస్తారు, మనం తోలతాం. టైరు పోయినా మనదే, లోడు తడిసినా మనదే."

"ఆమా... ఇల్లరికం పోయిన అల్లుడి మాదిరి," అంది అవ్వ వాకిట్లోంచి. నాయన గట్టిగా నవ్వాడు గానీ, లోపల దిగులుగానే ఉన్నాడని అమ్మ తర్వాత చెప్పింది. మొదటి లోడు చెడకుండా చేరితేనే బండిని ఉంచుకుంటామని, లేకపోతే పేరు చెరిపేసుకుని పొమ్మని మేనేజరు ముందే తేల్చేశాడట. సగం చేను పోయి వచ్చిన బండి అది... లోడు లేకపోతే వాకిట్లో ఇనుప గుట్టే.

ఆ మొదటి లోడు బ్యాండేజి గుడ్డ. ఆస్పత్రులకు పోయేది. సెంగోట్టై కొండల్లో ఘాటు రోడ్డు దాటి కొల్లం చేరాలి. తెల్లటి మూటలు ఎక్కిస్తుంటే నోరు తెరుచుకుని చూశాను. ఇంత గుడ్డ అయిపోవాలంటే ఎంతమందికి దెబ్బలు తగలాలి? అడిగితే అమ్మ నోరు మూయించింది. నాయన తార్పాయి కప్పి, తాళ్ళు బిగించి, మధ్యాహ్నం దాటాక బయలుదేరాడు.

మిగిలిన సగం చేనులో అప్పుడే విత్తనం వేసి ఉన్నాం. నేల పొడిగా ఎదురుచూస్తోంది...

సాయంత్రం కొండల వైపు నల్లగా కమ్ముకొచ్చి, దడదడా వాన. అవ్వ అలవాటు కొద్దీ వాకిట్లోకి ఉరికి, దండం పెట్టడానికి చేతులెత్తింది. ఎత్తిన చేతులు సగంలోనే ఆగిపోయాయి. తల తిప్పి సెంగోట్టై దారి వైపు చూసింది.

"తల్లీ... మన చేనుండే కాట్లో కురువు. ఘాట్లో మాత్రం వద్దు."

"అవ్వా, చేను ఏదో రోడ్డు ఏదో వానకు తెలస్తాదా?"

"తెలీకనే గదా చెప్తా ఉండా! నువ్వు గమ్మునుండు."

గడప మీద నిలబడ్డ అమ్మ ఇక ఆపుకోలేకపోయింది. "పాడు వాన... ఈ పొద్దేనా రావాల?"

ఇప్పుడు అవ్వ అమ్మను ఏమంటుందా అని గుడ్లప్పగించి చూశాను. అవ్వ అమ్మను తిట్టకుండా, చెయ్యి పట్టి లోపలికి తీసుకుపోయింది. పణియారాలకు కలిపిన పిండి గిన్నెలో అలాగే ఉంది. పొయ్యి వెలగలేదు.

మర్నాడంతా ఎవరికీ అన్నం సరిగా సయించలేదు. కబురు తెలిసే దారి లేదు. ఆ మరుసటి రోజు మధ్యాహ్నం వీధి చివర హారను మోగింది. నాయన దిగాడు... చొక్కా ఒంటి మీదే తడిసి ఒంటి మీదే ఆరి ముడతలు పడిపోయింది. ఒకటే తుమ్ములు.

అందరికంటే ముందు అవ్వే ఉరికింది. "లోడు తడిసిందారా?"

సరిగ్గా అప్పుడే నాయన కూడా అడిగాడు. "కాట్లో వాన పడిందా అమ్మా?"

ఒకరి ముఖం ఒకరు చూసుకుంటూ నిలబడ్డారు. స్టీరింగు పట్టినప్పటి నుంచి నాయన నోట చేను మాట రావడం నేను వినలేదు. అవ్వ నోట లోడు మాటా అంతే. ముందుగా నవ్వింది అమ్మ.

"ఘాటు ఎక్కే ముందే బండి నిలిపి, ఇంకో తార్పాయి కూడా వేసి కట్టినా. లోడు తడవలా... నేనే తడిసినా."

"చేను తడిసింది పో," అంది అవ్వ కొంగుతో కొడుకు తల తుడుస్తూ. "మొలకలొస్తాయి."

తర్వాత పొయ్యి వెలిగింది. పిండి పులిసిపోయినా అవ్వ పారబోయనివ్వలేదు. పుల్లగా తియ్యగా ఉన్న ఆ పణియారాల రుచి మళ్ళీ ఎక్కడా దొరకలేదు నాకు...

ఆ కంపెనీ పేరు మా లారీ నుదుట చాలా ఏళ్ళు నిలిచింది. ఇప్పుడు అవ్వ లేదు, లారీ లేదు, చేనులో ప్లాట్ల రాళ్ళు పాతారు. వాన ఎప్పుడొస్తుందో ఫోనే చెప్పేస్తోంది. అయినా చినుకు పడగానే నా చేతులు దండానికి లేస్తాయి... సగంలో ఆగుతాయి. ఏ ఘాట్లోనో ఎవరి నాయనో బండి నిలిపి, తడుస్తూ తాళ్ళు బిగిస్తూ ఉంటాడు కదా.

చినుకు పడితే మీ ఇంట్లో ముందుగా ఎవరిని తలుచుకునేవారు? ఒక మాట రాసి పోండి...