అమ్మ తెల్లచీరలకు రంగు

నాన్న పోయిన పదో రోజున పుట్టింటివాళ్ళు అమ్మకు తెల్లచీరలు పెట్టారు. అన్నీ పాలిస్టరువే. ఇట్టే ఆరిపోతాయి, ఏళ్ళ తరబడి చిరగవు అని మా మేనమామ ఎంచి మరీ కొన్నాడు. నేనప్పుడు ఇంటి నుంచే రోజూ రాజమండ్రి వెళ్ళొస్తూ డిగ్రీ చదువుతున్నాను. ఇంట్లో మాతోపాటు నాయనమ్మ ఉండేది. తాతయ్య పోయినప్పటి నుంచీ ఆవిడ కట్టిందీ తెలుపే.

కొన్నాళ్ళకు ధవళేశ్వరంలో నాన్న పనిచేసిన కాలవల ఆఫీసులోనే అమ్మకు ఉద్యోగం ఇచ్చారు. బస్సులో పక్కన కూర్చున్నవాళ్ళు చీర చూసి, ఎలా పోయారమ్మా అని అడిగేవారట. ఒకరోజు వచ్చి చెప్పులైనా విప్పకుండా అరుగు మీద కూర్చుండిపోయింది.

"రోజూ పొద్దున్నే ఆయన చావు చెప్పుకుంటూ ఆఫీసుకెళ్ళలేనే" అంది నాతో. లోపల నాయనమ్మ బియ్యం ఏరుతోంది.

కొత్తవి కొనుక్కోమన్నాను. పుట్టింటివాళ్ళు పెట్టినవి మూల పడెయ్యలేనంది. బజారు నుంచి నీలం రంగు పొట్లం తెచ్చి, వేణ్ణీళ్ళలో కలిపి ఒక చీర నానబెట్టాం. బకెట్లో ఉన్నంతసేపూ నీలంగానే కనిపించింది. జాడిస్తే రంగంతా నీళ్ళతోపాటే పోయింది. అంచు కింద కుట్టిన నూలు ఫాల్ మాత్రం ముదురు నీలంగా మారింది. దండెం మీద తెల్లచీర, దాని అడుగున నీలం పట్టీ. నాయనమ్మ పెరట్లోకి వచ్చి దాన్ని చూసి, వెంటనే లోపలికి వెళ్ళిపోయింది. ఆ రోజు నుంచి అమ్మతో మాటలు తగ్గించేసింది.

ఆదివారం చీరలన్నీ మూటగట్టుకుని రాజమండ్రిలో అద్దకం పని చేసే ఒకాయన దగ్గరికి వెళ్ళాం. ఆయన చీరను వేళ్ళతో నలిపి చూశాడు.

"నూలైతే నీళ్ళు తాగుద్దండి, రంగూ లోపలికెళ్ళిపోద్ది. ఇది నీళ్ళే తాగదు. దీని రంగు వేరేనండి. మూత బిగించి బాగా మరిగిస్తే దారం వదులవుద్ది, అప్పుడు దూరుద్ది. చల్లారాక బిగుసుకుపోద్ది." చీర మడతపెడుతూ, "మళ్ళీ తెలుపు కావాలంటే మాత్రం నా వల్ల కాదండి. ఆలోచించుకోండి" అన్నాడు.

"ఆలోచించుకునే వచ్చానండి" అంది అమ్మ.

తిరిగొచ్చిన చీరల్లో ఒకటి ముదురాకుపచ్చ, ఒకటి నేరేడు రంగు, తక్కినవి నీలం. సోమవారం అమ్మ నీలం చీర కట్టుకుని బస్సెక్కింది. సాయంత్రం వచ్చాక ఏమైందని అడిగితే, ఎవరూ ఏమీ అడగలేదని చెప్పి ముఖం కడుక్కోవడానికి వెళ్ళింది. చాలాసేపటిదాకా నూతి దగ్గర నుంచి రాలేదు.

తర్వాత కొద్దిరోజులకు మేనమామ వచ్చాడు. చీర చూసి అతని ముఖం మాడిపోయింది. అమ్మను ఏమీ అనలేక నాయనమ్మ వైపు తిరిగాడు.

"మీరెలా ఊరుకున్నారండీ, అత్తయ్యగారూ?"

అమ్మ వంటింటి గుమ్మంలో ఆగిపోయింది. నాయనమ్మ ఆమె వైపు చూడలేదు.

"నన్ను బస్సులో ఎవరూ అడగలేదు బాబూ. నేను గుమ్మం దాటితే కదా" అంది మెల్లగా.

మేనమామ మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. భోంచేసి వెళ్ళాడు. ఆ చీరలు అమ్మ చాలా ఏళ్ళు కట్టింది. నాయనమ్మ మాత్రం చివరిదాకా తెల్లటి నూలుచీరలే కట్టుకుంది. ఆదివారాలు వాటిని ఉతికి, గంజి పెట్టి ఆరేసేది అమ్మే.