ఎవరి రిమోట్‌కు ఎవరి బండి

తొంభైల చివర్లో, నేను ఇంటర్ చదువుతుండగా, చోడవరంలో కాలేజీ పిల్లలకు సైన్స్ పోటీ పెట్టారు. నేనూ, నా పక్క బెంచీ స్నేహితురాలూ కలిసి రోబో చేశాం. రోబో అంటే పెద్దగా ఏమీ లేదు. విశాఖపట్నంలో కొన్న రిమోట్ కారు పైభాగం ఊడదీసి రేకు తొట్టె బిగించాం. గోవాడ చక్కెర ఫ్యాక్టరీకి వెళ్లే లారీలా అది చెరుకు ముక్కలను బల్ల ఈ చివరి నుంచి ఆ చివరికి మోయాలి. ఇంట్లో బుద్ధిగానే మోసింది.

పోటీ రోజు హాల్లో పెట్టగానే గిర్రున తిరిగి చెరుకంతా కింద పోసింది.

"సెల్స్ అయిపోయినట్టున్నాయే" అంది నా స్నేహితురాలు.

కొత్తవి వేశాం. అదే తీరు. వైర్లు లాగి చూశాం, ఏంటెన్నా పూర్తిగా పైకి తీశాం. చివరికి బయట ఆటస్థలం అంచుకు తీసుకెళ్తే చక్కగా మాట విన్నది. లోపలికి తేగానే మళ్లీ తిక్క. విసుగొచ్చి రిమోట్ ఆపేశాను. అయినా బండి కదిలింది.

"ఒసే, మనం ముట్టుకోకుండానే ఎలా తిరుగుతందే?" అంది నా స్నేహితురాలు.

అంటే ఇంకెవరో తిప్పుతున్నారన్నమాట. హాలు అవతలి మూల అనకాపల్లి నుంచి వచ్చిన ఇద్దరు అబ్బాయిలు తమ బొమ్మ యుద్ధ ట్యాంకును నడిపి చూసుకుంటున్నారు. వాళ్ల దగ్గరికి వెళ్లాను.

"మీ రిమోట్‌కి మా బండి తిరుగుతందండి."

"భలే సెప్తన్నారే! మాదే మా మాట ఇనట్లేదు" అన్నాడు వాళ్లలో పొడుగతను.

"ఒక్కసారి నొక్కి అటు సూడండి."

నొక్కాడు. మా బల్ల దగ్గర బండి గింగిరాలు కొట్టింది. నా స్నేహితురాలు చెయ్యెత్తి చూపించింది. రెండింటి సిగ్నలూ ఒకటేనని అప్పుడు తెలిసింది. ఇంతసేపూ వాళ్ల ట్యాంకును మేమూ తిప్పుతూనే ఉన్నాం.

జడ్జీలు ఒకరి బల్ల దగ్గరుంటే రెండోవాళ్లు రిమోట్‌లోంచి సెల్స్ తీసేయాలని మాట అనుకున్నాం. ముందు మా వంతు. పొడుగతను సెల్స్ తీసి, అరచేతిలో పెట్టుకుని దూరం నుంచే చూపించాడు. మా బండి చివరిదాకా వెళ్లింది. తర్వాత వాళ్ల వంతు.

"తియ్యకపోతే ఏటవుద్ది?" అంది నా స్నేహితురాలు, రిమోట్ ఒళ్లో పెట్టుకుని. నేను నోరు తెరిచేలోగా తనే నవ్వేసి సెల్స్ తీసేసింది.

వాళ్లకు రెండో బహుమతి వచ్చింది. మాకు ఏదీ రాలేదు. కాస్త ఉక్రోషం వచ్చిన మాట నిజమే. బస్సు వచ్చేలోగా వాళ్లిద్దరూ వచ్చి, రెండు బళ్లనూ వరండాలో పక్కపక్కన పెట్టి, తమ రిమోట్ నా చేతికిచ్చారు. నొక్కాను. రెండూ కలిసి బయల్దేరాయి. ట్యాంకు ముందు, తొట్టె బరువుకు మాది కొంచెం వెనక.